వైవర్ణ్యం

సాత్త్విక భావాలు ఎనిమిది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఇరవై ఏళ్ళుగా ఏటేటా పిల్లలకు చెబుతున్న పాఠం గనుక నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పగలను. కిందటి జూలైలో మాత్రం ఆరోదాని దగ్గర ఆగిపోవలసివచ్చింది.

"వైవర్ణ్యం అంటే మనసులోని ఉద్వేగం వల్ల ముఖం రంగు మారటం" అని బల్లమీద వ్రాసి ఇటు తిరిగేసరికి ముందు వరుసలో ముసిముసి నవ్వులు. వెనక బెంచీలోంచి ఎవడో చిన్న గొంతుతో "ఉదాహరణ ఎదురుగుండానే ఉందిరా" అన్నాడు. క్లాసు గొల్లుమంది. నేను ఎండన పడి నడిచి వచ్చిన రోజు అది. బుగ్గలు రెండూ నిప్పుల కుంపట్లలా ఉన్నాయి. ఆ నవ్వు విన్న తరువాత ఇంకా మండాయి. పిల్లవాడిమీద కోపం రాలేదు సుమండీ. వాడు చెప్పిన ఉదాహరణ శాస్త్రప్రకారం సరిపోయింది గదా! పుస్తకం మూసి, "మిగిలినవి రేపు" అని స్టాఫ్ రూములోకి వచ్చి కూచున్నాను. నా ఉద్యోగ జీవితంలో గంట కొట్టకుండా క్లాసు వదిలిపెట్టింది ఆ ఒక్కరోజే.

అసలు కథ అంతకు రెండేళ్ళ ముందు మొదలయింది. మా ఆడబిడ్డ గృహప్రవేశానికి బెజవాడ వెళ్ళవలసి ఉంది. అప్పటికే కొంతకాలంగా ఎండలోనుంచి వచ్చినా, పొయ్యి దగ్గర కాస్సేపు నిలబడినా బుగ్గలు జేవురించి, గంటకుగాని చల్లబడేవి కావు. పక్కింటి పిన్నిగారు చూచి, "ఇంతదానికి దిగులెందుకే అమ్మాయ్" అని లోపలికి వెళ్ళి ఒక చిన్న ట్యూబు తెచ్చి చేతిలో పెట్టింది. రాత్రిపూట కందిగింజంత రాసుకోమంది. నాలుగో రోజుకల్లా ముఖం అద్దంలా తేలిపోయింది. గృహప్రవేశంలో అందరూ "ఏమిటి వదినా రహస్యం?" అని అడిగినవాళ్ళే. నేనూ మురిసిపోయాను. ఆ మాట ఒప్పుకోకపోతే ఈ వ్యాసం వ్రాయటం దండగ.

మనుచరిత్రలో ప్రవరుడి సంగతి మీకు తెలిసిందే. సిద్ధుడిచ్చిన పాదలేపం రాసుకున్నాడు, హిమాలయాలకు వెళ్ళిపోయాడు, మంచుకు లేపనం కరిగిపోయింది, ఇంటికి చేరే దారిలేక చిక్కుబడ్డాడు. ఆ ఘట్టం ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. లేపనం ఇచ్చినవాడు అందులో ఏమున్నదో చెప్పలేదు, పుచ్చుకున్నవాడు అడగలేదు. ఈ ముక్క మాత్రం నాకు ఎన్నడూ తట్టలేదు.

ట్యూబు అయిపోతే మందులషాపులో పాత ట్యూబు చూపించి కొత్తది తెచ్చుకునేదాన్ని. ఒక వారం మానితే చాలు, ఎరుపు మునుపటికంటె ఇనుమడించి వచ్చేది. మళ్ళీ రాసుకుంటే పోయేది. ఇలా రెండేళ్ళు. చివరికి మందు రాసినా పోవటం మానేసింది. బుగ్గలమీద, ముక్కుమీద చిన్న చిన్న పొక్కులు, సన్నని ఎర్రదారాల వంటి నరాలు. సబ్బు తగిలితే మంట. కళ్ళలో ఇసుక పడ్డట్టుండేది. పేపర్లు దిద్ది దిద్ది కళ్ళు పోయాయనుకున్నాను.

ఇంట్లో ఎవరి సిద్ధాంతం వారిది. వేడి చేసిందని మావారు మజ్జిగ తాగించారు. దిష్టి అని అత్తయ్యగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ఆ మిరపకాయల ఘాటుకు ముఖం మరీ కందగడ్డ అయింది. కాలేజీలో చరిత్ర మేడం, "మన వయసుకు అవన్నీ మామూలే" అని తేల్చేసింది. నేనుమాత్రం ఒకనాటి అర్ధరాత్రి సెల్‌ఫోను ముందు పెట్టుకుని బుగ్గలమీద ఎరుపు వచ్చే జబ్బులన్నీ చదివి, ల్యూపస్ అని నిశ్చయం చేసుకుని, తెల్లవార్లూ పిల్ల పెళ్ళి ఎవరు చేస్తారా అని ఏడ్చాను.

క్లాసులో ఆ నవ్వు విన్న తరువాతగాని చర్మవైద్యురాలి దగ్గరికి పోబుద్ధి కాలేదు. ఆవిడ అద్దం పెట్టి చూచి, మొటిమలకుండే బ్లాక్‌హెడ్లు దీనికి లేవు చూడండి అని చూపించింది. కళ్ళు మండుతాయా అని అడిగింది. నేను ఆ సంగతి చెప్పనే లేదు! ల్యూపస్ అనుమానం తీరటానికి రక్తపరీక్ష చేయించింది. అది కాదని తేలింది. తరువాత, "ఏం రాస్తున్నారు?" అంది. సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చాను. దానిమీది చిన్న అక్షరాలను ఆవిడ పైకి చదివింది. ఒక స్టెరాయిడు, ఒక శిలీంధ్రాల మందు, ఒక క్రిమిసంహారిణి, మూడూ కలిపినది. తామరకు కూడా డాక్టరు చెప్పకుండా రాసుకోకూడనిది, రెండేళ్ళు ముఖానికి రాశాను.

జబ్బు పేరు రొసేషియా. లాటిన్‌లో గులాబీవంటిది అని అర్థమట. ఆ పేరు పెట్టినవాడికి ఇది ఉండి ఉండదు. ముఖం మీది సన్నని రక్తనాళాలు ప్రతి చిన్న కారణానికీ విప్పారి, త్వరగా ముడుచుకోకపోవటం దీని లక్షణం. అందరి చర్మరంధ్రాలలోనూ డెమోడెక్స్ అనే కంటికి కనపడని పురుగులు ఉంటాయి. ఈ జబ్బున్నవారిలో అవి మరీ ఎక్కువగా కనిపిస్తాయి. తెల్లవారి ముఖాలమీద ఎరుపు ఇట్టే తెలుస్తుంది. మన చామనచాయలో అది కమిలినట్టో, నల్లబడినట్టో ఉండి చూచేవారికి ఆనదు. అందుకే మనవాళ్ళలో చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదని డాక్టరమ్మ చెప్పింది. నాకు సహజంగా కొద్దిగా ఉన్న జబ్బును నా లేపనం పెంచి పోషించిందన్నమాట. స్టెరాయిడు చర్మాన్ని పలచన చేస్తుంది. రాసినంతసేపూ రక్తనాళాలను బిగించి ఉంచుతుంది. మానగానే అవి కట్టలు తెంచుకుంటాయి. 2018లో ప్రభుత్వంవారు ఇటువంటి స్టెరాయిడు ఆయింట్‌మెంట్లు చాలావాటిని డాక్టరు చీటీమీదనే అమ్మాలని ఉత్తరువు చేశారు. ఉత్తరువు ఉన్నది. నాకు ట్యూబు అమ్మిన కుర్రవాడు మాత్రం ఏనాడూ చీటీ అడగలేదు, చిల్లర ఉందా అని అడిగేవాడు.

"తగ్గిపోతుందా అండీ?" అన్నాను.

"అదుపులో ఉంటుంది. మళ్ళీ రాదని చెప్పను. ముందు ఆ ట్యూబు మానండి. మానిన తరువాత కొన్ని వారాలు ఇంతకంటె ఎక్కువవుతుంది. భయపడి మళ్ళీ దాన్ని పట్టుకోకండి" అని ఒక మాత్ర, ఒక క్రీము వ్రాసి ఇచ్చింది. వాటి పేర్లు ఇక్కడ వ్రాయను. వ్రాస్తే నేనూ పక్కింటి పిన్నిగారినవుతాను.

ఆవిడ చెప్పినట్టే ఎక్కువయింది. ఆరు వారాలు. ముఖం ఉబ్బి, పొక్కులు లేచి, రాత్రిళ్ళు తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. సెలవు పెట్టవచ్చుగాని ఎన్నాళ్ళని పెడతాను? మొదటిరోజు క్లాసులోకి వెళ్ళి, "నాకొక చర్మవ్యాధి వచ్చింది. అంటుకునేది కాదు. మందు వాడుతున్నాను. ఇక పాఠం చూద్దాం" అని చెప్పేశాను. ఒక నిమిషం చడీచప్పుడూ లేదు. సాయంకాలం వెనక బెంచీ కుర్రవాడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "మేడం, మా అమ్మకి కూడా ముఖం ఇలాగే ఉంటుంది. ఏ డాక్టరు?" అని అడిగాడు. ఆ నవ్వు నవ్వినవాడు వీడే అయివుంటాడని నా అనుమానం. అడగలేదు. అడ్రసు వ్రాసి ఇచ్చాను.

మందులతోపాటు డాక్టరమ్మ ఒక చిన్న పని పెట్టింది. ఒక నోటుపుస్తకంలో ఏరోజు ముఖం ఎప్పుడు మండిందో, అంతకుముందు ఏం తిన్నానో, ఎక్కడ ఉన్నానో వ్రాయమంది. అందరికీ ఒకటే కారణం ఉండదట. ఎండ, వేడి, కారం, మద్యం, వేడి పానీయాలు, మనస్తాపం, కొందరికి గాలి, కొందరికి పౌడర్లు. ఎవరి నేరస్థుణ్ణి వారే పట్టుకోవాలి. నేను ఆవకాయే అనుకుని దాన్ని ముందే వెలివేశాను. ఆంధ్రదేశంలో పుట్టి ఆవకాయకు ఎడమవటమంటే ఎంత దుఃఖమో మీకు చెప్పనక్కరలేదు. తీరా నెల్లాళ్ళ లెక్క చూస్తే, పెరుగన్నంలో నంజుకున్న ఆవకాయ నన్నేమీ చేయలేదు. పొగలు కక్కే అన్నంలో కలుపుకున్ననాడే మండింది. అంటే కారం కంటె వేడి నాకు శత్రువు. వేడివేడి చారు తాగిన రాత్రులన్నిటికీ గుర్తులున్నాయి. కుక్కరు మూత తీసి ఆవిరి ముఖానికి తగిలిన ప్రతిసారీ ఉంది.

కాఫీ విషయంలోనూ అంతే. కాఫీ మానాలేమోనని గుండె గుభేలుమంది. అమెరికాలో 82 వేల పైచిలుకు నర్సుల ఆరోగ్యం ఏళ్ళతరబడి పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితాలలో, కాఫీ తాగేవారికి ఈ జబ్బు తక్కువే కనిపించిందట. అది చదివిన పూట లేచి ఫిల్టరు వేశాను. కాని గోరువెచ్చగా చల్లార్చుకుని తాగాలి. అత్తయ్యగారి దృష్టిలో చల్లారినది కాఫీయే కాదు. "ఆ కషాయం నువ్వే తాగు" అంటారు.

నోటుపుస్తకంలో నేను ఎదురుచూడనిది ఇంకొకటి బయటపడింది. ప్రతి నెలా మొదటి బుధవారం, ఎండ లేకపోయినా, కారం తినకపోయినా, పన్నెండు గంటలకు ముఖం మండుతోంది. ఆరోజు స్టాఫ్ మీటింగు! దానికి మందు డాక్టరమ్మ దగ్గర కూడా లేదు. చల్లని నీళ్ళసీసా పట్టుకుని ఫ్యాను కింద కుర్చీ చూచుకుని కూచుంటున్నాను.

ఎండ సంగతి వేరే చెప్పాలి. నల్లటి గొడుగు ఒకటి, జింకు ఆక్సైడు ఉన్న సన్‌స్క్రీను ఒకటి. మొదట తెచ్చినది రాసుకుంటే మన రంగుమీద పిండి చల్లినట్టయి, బుర్రకథ వంతలా ఉన్నానని మావారు నవ్వారు. మన చాయకు సరిపోయే రంగు కలిపినవి కూడా దొరుకుతాయని తరువాత తెలిసింది. సున్నిపిండితో రుద్దుకోవటం మానమంది డాక్టరమ్మ. పసుపు కూడా ముఖానికి వద్దంది. ఇది అత్తయ్యగారికి ఎలా చెప్పటమా అని శ్రావణ శుక్రవారం పొద్దున్న భయపడుతూనే చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంకేసి చూచి, "పాదాలకు రాసుకో. లక్ష్మి కాళ్ళే చూస్తుంది" అన్నారు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ప్రవరుడు కూడా పాదాలకే రాసుకున్నాడని మనసులో అనుకుని ఊరుకున్నాను.

దసరానాటికి పొక్కులు పోయాయి. సంక్రాంతికి ఎరుపు చాలా తగ్గింది. ఇక్కడితో ఆపితే బాగుండేది.

ఫిబ్రవరిలో ఒకనాడు మా అమ్మాయి పుస్తకాల బల్ల సర్దుతూంటే కాంపాసు పెట్టెలో ఆ ట్యూబు కనిపించింది. ఇంటరు రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. చేతులు వణికాయి. వేపథువు. అది నా ట్యూబే. డాక్టరమ్మ పారేయమన్ననాడు పారేయలేదు నేను. బీరువాలో చీరలకింద దాచాను. ఎప్పుడైనా పెళ్ళికో పేరంటానికో ఒక్కరోజుకు పనికిరాకపోతుందా అని. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సాయంకాలం అది కాలేజీనుంచి రాగానే ట్యూబు ముందు పెట్టాను. కేకలు వేయాలనుకున్నాను గాని గొంతు పెగలలేదు.

"ఎన్నాళ్ళనుంచే?"

"మూడు వారాలు. మొటిమలు వచ్చాయని..."

"నా ముఖం చూస్తూనే ఉన్నావు గదే! నేను పడ్డ బాధంతా చూచి కూడానా?"

అది తల వంచుకుని, "అత్తయ్య గృహప్రవేశం ఫోటోలో నువ్వెంత బాగున్నావో అమ్మా. ఇప్పటికీ అందరూ అదే అంటారు. నువ్వు కూడా ఆ ఫోటోయే గోడకు పెట్టుకున్నావు" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ ఫోటో నిజంగానే ముందుగదిలో ఉంది. ఇంతటి జబ్బు పడిలేచిన తరువాత కూడా దానిని తీసేయాలని నాకు తోచలేదు. ట్యూబు కత్తిరించి, మిగిలినది పిండి చెత్తబుట్టలో వేయించాను, దానిచేతనే. ఫోటో సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు దాన్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడు వారాలే గనుక పెద్ద ప్రమాదం లేదన్నది. మానిన తరువాత కొద్దిగా ఎరుపెక్కవచ్చు, మొటిమలకు వేరే మందు ఉన్నది, నెల తరువాత రమ్మంది. బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఆటో స్టాండు దాకా ఇద్దరం ఒకే గొడుగులో నడిచాం. అది నాకంటె నాలుగంగుళాలు పొడుగు. గొడుగు దానికి పడితే నా ముఖం ఎండలో, నాకు పడితే దాని ముఖం ఎండలో. సగం దూరం వచ్చాక అది గొడుగు నా చేతిలోంచి లాక్కుని, పూర్తిగా నావైపుకు వంచి పట్టుకుంది. నేను మళ్ళీ దానివైపుకు తోశాను. అలా తోపులాడుకుంటూనే స్టాండు చేరాం. ఆదివారం బజారుకు వెళ్ళి రెండో గొడుగు కొనుక్కురావాలి.