ఒక్క మార్కు అన్నయ్య

దిల్‌సుఖ్‌నగర్‌లో అందరూ అన్నలే. చాయ్ పోసేటాయన అన్న, జిరాక్స్ తీసేటాయన అన్న, నెలాఖరుకు రూం కిరాయి అడిగేటాయన కూడా అన్నే. అందుకే మా తమ్ముడి నోట్సులో 'రేడియో అన్నయ్య' అన్న మాట చూసి ఇదెవరో మనోడే అనుకున్నాను.

వాడు మా చిన్నమ్మ కొడుకు. సూర్యాపేట నుంచి వచ్చి, చైతన్యపురిలో నా రూంలోనే ఉంటూ డీఎస్సీకి చదువుతున్నాడు. ఎస్జీటీ పోస్టు కొట్టాలని పట్టుదల. అంటే రేపు ఆరేడేళ్ల పిల్లలకు పాఠం చెప్పేవాడు. నోట్సులో ఎర్ర ఇంకుతో ఇలా ఉంది: రేడియో అన్నయ్య - న్యాయపతి రాఘవరావు. రేడియో అక్కయ్య - కామేశ్వరి. 'బాల' - 1945.

"ఎవర్రా ఈయన?"

"ఒక్క మార్కు అన్నా."

వాడి తప్పేం లేదు. బిట్లు అట్లనే చదవాలె, లేకుంటే సిలబస్ అయిపోదు. కానీ ఆ ఒక్క మార్కు వెనక ఒక మొత్తం జీవితం ఉంది. ఈ వారం కాలమ్ దాని గురించే.

రాఘవరావు గారు 1905లో బరంపురంలో పుట్టారు. మద్రాసులో ఆలిండియా రేడియో 1938లో మొదలైతే, కొద్దికాలానికే ఆయనా, భార్య కామేశ్వరి గారూ తెలుగు పిల్లల కార్యక్రమాలతో అందులో అడుగుపెట్టారు. ఆయన పాటలు రాశారు, కథలు రాశారు, నాటికలు రాశారు. కానీ పుస్తకాల లిస్టు పెట్టి చూపించే రకం రచయిత కాదు. రాసింది చాలావరకు పిల్లల నోట్లో పెట్టడానికే రాశారు. స్టూడియోకి పిల్లల్ని పిలిచి, మైకు ముందు నిలబెట్టి, వాళ్లతోనే పాడించి, వాళ్లతోనే మాట్లాడించేవారు. సార్ కాదు, మాస్టారు కాదు, అన్నయ్య, అక్కయ్య. పిలుపులోనే సగం భయం పోతుంది కదా.

1945లో ఇద్దరూ కలిసి 'బాల' పత్రిక పెట్టారు. 1959 దాకా నడిచింది. అందులో లటుకు, చిటుకు అని ఇద్దరు అల్లరి పిల్లలు ఉండేవారు. అసలు విశేషం అది కాదు. పిల్లలు రాసి పంపింది కూడా ఆ పత్రికలో అచ్చేసేవారు. అలా 1945లోనే పధ్నాలుగేళ్ల కుర్రాడి కథ ఒకటి అందులో వచ్చింది. పేరు 'అమ్మ మాట వినకపోతే'. రాసింది ముళ్లపూడి వెంకటరమణ. బాపు కూడా చిన్నప్పుడు ఆ పత్రికకే బొమ్మలు వేశాడు. తర్వాత ఆ ఇద్దరూ కలిసి మనకు బుడుగును ఇచ్చారు. పెద్దవాళ్ల మాటకు మధ్యలో అడ్డం తగిలి, తన లెక్క తను చెప్పే పిల్లాడు వాడు. పిల్లల మాటకు చోటిచ్చిన పత్రికలో మొదలైనవాళ్లకే అలాంటి పిల్లాడు తట్టాడని నా నమ్మకం. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

ఇంచుమించు అదే రోజుల్లో ఎక్కడో నార్వేలో కూడా ఇలాంటి ముచ్చటే నడిచింది. ఆల్ఫ్ ప్రాయ్సన్ అని ఒక కవి. పొలంలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. పాటలు కట్టేవాడు, రేడియోలో పిల్లలకు కథలు చెప్పేవాడు. ఉన్నట్టుండి చెంచా అంత చిన్నగా అయిపోయే ఒక ముసలమ్మ కథలు ఆయనవే. అవి పుస్తకాలై ఎన్నో భాషల్లోకి వెళ్లాయి. సొంత ఊరి దగ్గర ఆయన పేరు మీద మ్యూజియం ఉంది. మన అన్నయ్యది వేరే దారి. ఆయన పని ఎక్కువగా గాలిలోకి వెళ్లిపోయింది, విన్న పిల్లల చెవుల్లో మిగిలింది. ఆ చెవులకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు.

1956లో రాష్ట్రం ఏర్పడ్డాక ఇద్దరూ హైదరాబాద్ వచ్చేశారు. మద్రాసులో పెట్టిన ఆంధ్ర బాలానంద సంఘాన్ని ఇక్కడ నారాయణగూడలో నిలబెట్టారు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారితే నారాయణగూడ. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ ఆ స్టేషన్ మీదుగా పోయేవాళ్లు మీలో ఎంతమందో. కామేశ్వరి గారు 1980లో పోయారు, రాఘవరావు గారు 1984లో. తర్వాతి తరం హైదరాబాద్ పిల్లలకు రేడియో అక్కయ్య అంటే తురగా జానకీరాణి. పిలుపు మాత్రం అదే.

ఇదంతా రాత్రి మావాడికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అన్నా, నేను ఇంతవరకు ఒక్క పిల్లగాని కథ వినలే" అన్నాడు. సైకాలజీ బిట్లు మాత్రం అన్నీ వచ్చు.

మా హాస్టల్లో వంటచేసే అక్కకు ఏడేళ్ల బిడ్డ ఉంది. సాయంత్రం మెట్ల మీద కూర్చుని వాళ్లమ్మ ఫోన్ చూస్తుంటుంది. మొన్న మావాడు పోయి పక్కన కూర్చున్నాడు. "ఒక కథ చెప్పవా?"

తల ఎత్తకుండానే అంది. "మీరు వినరు. మధ్యల ఫోన్ చూస్తరు."

నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నాకూ తగిలింది. అప్పటికే నా చేతిలో ఫోన్ ఉంది మరి.

వాడు ఫోన్ బోర్లా పెట్టాడు. నేనూ పెట్టాను. ఆ పిల్ల రెండు ఫోన్ల వైపు చూసి, నమ్మీ నమ్మనట్టు మొదలుపెట్టింది.

"ఒక మెట్రో రైలు ఉంటది. దానికి హయత్‌నగర్ పోవాల్నని ఉంటది. ఆడ వాళ్ల అమ్మమ్మ ఉంటది. కానీ ఎల్బీ నగర్ల పట్టాలు అయిపోతయి."

"పట్టాలు లేకుంటే రైలు పోదు కదా," అన్నాడు మా కాబోయే సారు. అలవాటు. అని, నాలుక కరుచుకున్నాడు.

ఆ పిల్ల మా ఇద్దరినీ జాలిగా చూసింది. కథ ఆపి, జడ వెనక్కి వేసుకుంది.

"మరి ఎట్ల పోయింది?" అని వాడే అడిగాడు, ఈసారి మెల్లగా.

"ఆగుండ్రి," అంది. "చెప్తున్న కదా."