వంశవృక్షంలో అమ్మమ్మల పేర్లేవి?

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసి, దుకాణం నడిపిన ఆల్బర్ట్ ఆబిద్ పేరే నేటి ఆబిడ్స్‌ది. ఆయన ఆర్మేనియన్ అని చెబుతారు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలోని ఇద్దరు సూఫీలు ఔరంగజేబు సైన్యంతో వచ్చారని ప్రతీతి. 1687లో గోల్కొండ ముట్టడిలో మరణించిన ఖ్వాజా ఆబిద్ మధ్య ఆసియా నుంచి వచ్చినవాడు. ఆయన మనవడే 1724లో ఆసఫ్‌జాహీ పాలనకు పునాది వేశాడు.

ఇలా వలస వచ్చిన వారి సంతతి మన నగరంలో ఎందరో. చాలా ఇళ్లలో షజ్రాను భద్రంగా దాచుకుంటారు. సంతోషమే. అయితే అందులో ఎక్కడినుంచో వచ్చిన తాతగారి పేరు ఉంటుంది గాని, ఆయన ఇక్కడ నిఖా చేసుకున్న స్త్రీ పేరు, ఆమె పుట్టిల్లు తరచుగా కనిపించవు. మరి మన ఇళ్లలోకి తెలుగు ఎవరి నోట వచ్చింది?

జాతులు, తెగలు పరస్పరం గుర్తించుకోవడానికేనని, దైవభీతి గలవారే గౌరవనీయులని దివ్య ఖురాన్ (49:13) బోధిస్తోంది. కనుక పూర్వీకులు ఈ నేలవారే అయినవారు చిన్నబుచ్చుకోనక్కరలేదు, బయటినుంచి వచ్చినవారు గర్వపడనక్కరలేదు.

పాఠకులకు మా విజ్ఞప్తి ఒక్కటే. ఈ జుమా నమాజు తర్వాత ఇంట్లోని పెద్దల దగ్గర కూర్చోండి. దాదీ, నానీల పేర్లు, ఊర్లు అడగండి. పాత నిఖానామాలు, సమాధి రాళ్లు చూడండి. ఉర్దూ చదవలేని పిల్లల కోసం తెలుగులోనూ రాయండి. తెలియనిచోట ఖాళీ వదలండి. గొప్ప వంశం పేరుతో దాన్ని నింపకండి. ఆ పెద్దలు కన్నుమూస్తే అడగడానికి ఎవరూ మిగలరు.