పాత కారు - పెద్ద చక్రం

పాత కార్లపై మోజు యువకులలో నానాటికి హెచ్చుతున్నది. ఉత్తరపారా కర్మాగారంలో 2014లో నిర్మాణం నిలిచిపోయిన అంబాసిడరును ఇంటి పెద్దల జ్ఞాపకంగా భద్రపరచి, రంగు వేయించి, నడుపుకొనడం అభినందనీయమే. అయితే ఆ కారుకు మొట్టమొదట చేయించే అలంకారం పెద్ద చక్రాలు కావడం మాకు ఆందోళన కలిగిస్తున్నది. పెద్ద చక్రం కూడదని మేము అనము. కొలవకుండా బిగించడం కూడదంటాము.

మడ్‌గార్డు కింద టైరు చుట్టూ కనిపించే ఖాళీ వృథాగా పడి ఉన్న జాగా అని పలువురి భ్రమ. అది చక్రం కదలడానికి కారును రూపొందించినవారు విడిచిన చోటు. అంబాసిడరు వెనుక ఇరుసు కమాన్ల మీద ఆధారపడి ఉంటుంది. కమాన్ అంటే ఉర్దూలో విల్లు. మన మెకానిక్కులు ఆ మాటను తెలుగులో కలుపుకొన్న తీరు ఎంతో సముచితంగా ఉన్నది. వెనుక సీటులో ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉండి, బండి గుంతలో దిగినపుడు ఆ విల్లు వంపు తగ్గి చదునవుతుంది. చక్రం మడ్‌గార్డులోనికి పైకి వస్తుంది. ముందు చక్రాల సంగతి ఇంకా చిక్కు. అవి పైకీ కిందకీ కదలడమే గాక పక్కకు తిరుగుతాయి కూడా. నిలిచి ఉన్న కారులో వేలు దూరితే చాలు, టైరు పట్టినట్లే అనే దుకాణదారుని మాటను అందుచేత మేము అంగీకరించలేము.

లెక్క కష్టమైనది కాదు. 165/80-15 టైరును తీసి 185/80-15 టైరు వేశామనుకొందాం. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు; రెండవది ఆ వెడల్పులో నూటికి ఎంత టైరు పక్కగోడ ఎత్తో తెలుపుతుంది; మూడవది అంగుళాలలో రిమ్ము వ్యాసం. మొదటి టైరు వ్యాసం 645 మిల్లీమీటర్లు, రెండవదానిది 677. అనగా పైన 16 మిల్లీమీటర్లు, ఇరువైపులా పదేసి మిల్లీమీటర్లు జాగా తగ్గినట్లు. మీటరు 60 చూపినపుడు బండి వాస్తవంగా 63 వేగంతో పోతుంటుంది. జామెట్రీ బోధించే మా సహాధ్యాపకులకు ఇంతకంటె చక్కని అభ్యాసం దొరకదు. రిమ్ము కూడా వెడల్పైతే ఆఫ్‌సెట్ చూడక తప్పదు. ఆఫ్‌సెట్ మారకుండా 5 అంగుళాల రిమ్ము స్థానంలో 7 అంగుళాలది వేస్తే లోపలికి ఒక అంగుళం, బయటికి ఒక అంగుళం పెరుగుతుంది. బయట మడ్‌గార్డు అంచు తగులుతుంది, లోపల కమాన్ తగులుతుంది.

కనుక టైర్లు కొనకముందే పరీక్ష జరగాలి. ఒక చక్రం అరువు తెచ్చి బిగించి, జాకీ దించి, బండి బరువు నేలమీద ఉండగా స్టీరింగును కుడి కొసవరకు, ఎడమ కొసవరకు తిప్పి చూడాలి. బ్రేకుకు పోయే రబ్బరు గొట్టం టైరును ఎక్కడా తాకరాదు. అది ఒరుసుకొని తెగితే ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత వెనుక సీటులో మనుషులను కూర్చోబెట్టి అదే పరీక్ష చేయాలి. ఒక వైపు చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి మరల చూడాలి. టైరు భుజాలకు సుద్ద దట్టంగా రాసి, గతుకుల బాటలో మెల్లగా ఒక చుట్టు తిప్పి తెస్తే, తాకిన చోట తెల్లని గుర్తు పడుతుంది. పైసా ఖర్చు లేని ఈ పనిని ఎందుకు ఉపేక్షిస్తారో మాకు అర్థం కాదు.

తగిలితే మడ్‌గార్డు అంచు కోయించే ఆచారమొకటి ఉన్నది. దానిని మేము గట్టిగా ఖండిస్తున్నాము. కోసిన రేకు తుప్పుకు ద్వారం తెరుస్తుంది. అంతేగాక 2021లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం 50 ఏండ్లు దాటిన కారుకు వింటేజి నమోదు కావాలంటే చాసీ, బాడీ, ఇంజను మార్పులకు లోను కాక తొలి రూపంలో ఉండాలి. పది అంగుళాల రేకు కోత ఆ అర్హతనే ప్రశ్నార్థకం చేయవచ్చు. సరిపడని చక్రాన్ని దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు. కోసిన మడ్‌గార్డును తిరిగి తెచ్చుకొనలేము.

ఇక స్టెప్నీ. నాలుగు చక్రాలు మార్చి అయిదవదాన్ని మరచినవారే ఎక్కువ. కొత్త చక్రం డిక్కీలో స్టెప్నీ జాగాలో పడుతుందో లేదో, వెనుక టైరు పంక్చరైతే జాకీ ఎత్తిన పిమ్మట ఆ వెడల్పు చక్రం మడ్‌గార్డు దాటి బయటికి వస్తుందో లేదో, ఇంటి ముంగిట్లోనే ఒకసారి ఊడదీసి చూసుకొనడం మంచిది.