తుమ్మొస్తే కాళ్ళు దగ్గర పెట్టుకునేవాళ్ళకి

మా డాబా మీద బట్టలు ఆరేసే తీగలు మూడు. మొదటి రెండూ అందరివీ. వెనక గోడవైపు ఉన్న మూడోది మా అత్తగారిది. దాని మీద ఎప్పుడూ ఒక పెద్ద తువ్వాలు ఉండేది. దాని కింద ఏముందో నేనెప్పుడూ చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. పోయినేడు వానాకాలంలో ఉన్నట్టుండి జల్లు పడితే పరిగెత్తుకెళ్ళి బట్టలు లాగుతుంటే, ఆ తువ్వాలుతోపాటు పాత నేతచీర చింపి మడతలు వేసి కుట్టిన గుడ్డలు ఏడెనిమిది చేతిలోకొచ్చాయి. ఆవిడకి 68 ఏళ్ళు. నెలసరి ఆగిపోయి ఎన్నేళ్ళో అయింది.

నాకు గుండె ఝల్లుమంది. ఈ వయసులో మళ్ళీ రక్తం కనపడితే అది మామూలు విషయం కాదని ఎక్కడో చదివాను. కిందకొచ్చి మెల్లగా అడిగాను. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుని, "రక్తం కాదులేమ్మా, కంగారు పడకు. దగ్గితే తుమ్మితే ఆగదు, అంతే. వయసు కదా" అన్నారు.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యగారూ?"

"మీ మరిది పుట్టిన దగ్గర్నుంచీ."

మా మరిదికి ఇప్పుడు 39. అంటే ఆవిడ "వయసు కదా" అన్నది 29 ఏళ్ళప్పుడు మొదలైన దాని గురించి!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ మీద జాలితో కాదు, నిజం చెప్పాలంటే నా మీద నాకు చిరాకుతో. ఎందుకంటే అంతకుముందు వేసవి సెలవుల్లో మా చిన్నది "అమ్మా, నువ్వూ స్కిప్పింగ్ చెయ్యవా" అని తాడు చేతికిస్తే, నాలుగు గెంతులు గెంతి, కాలు బెణికిందని అబద్ధం చెప్పి బాత్రూంలోకి పరిగెత్తాను. మర్నాటి నుంచి ఆ తాడు కనపడకుండా అటక మీద పెట్టేశాను కూడా. పద్ధెనిమిదేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్న ఇద్దరం ఒకే బాధ ఒకరికొకరు తెలియకుండా దాచుకున్నాం. పచ్చడిలో ఉప్పెక్కువైతే పదిసార్లు చెప్పుకుంటాం గానీ ఇది మాత్రం చెప్పుకోలేదు.

ఇలాంటివి కూడా రాస్తారా అని కొందరికి అనిపిస్తుందని తెలుసు. రాస్తాను. మనకి చెప్పేవాళ్ళు లేకే కదా ఇంతదాకా వచ్చింది.

మా ఇద్దరినీ చూసిన గైనకాలజిస్టు నన్ను ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకి పంపారు. మోకాళ్ళకీ మెడకీ తప్ప దీనికి కూడా ఫిజియోథెరపీ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ అమ్మాయి బొమ్మ గీసి చూపించింది. ముందువైపు ఎముక నుంచి వెనక తోకెముక దాకా, అడుగున ఒక కండరాల పరుపు ఉంటుంది. పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడింటికీ కింద ఆధారం అదే. నాకు వెంటనే మా అమ్మమ్మ గారింట్లో నులకమంచం గుర్తొచ్చింది. పిల్లలందరం ఎక్కి గెంతితే నడుమ గుంట పడేది. తాతయ్య కాళ్ళవైపు తాడు బిగిస్తే మళ్ళీ సరిగ్గా అయ్యేది. కాన్పులు, ముఖ్యంగా బిడ్డ పెద్దదై కష్టంగా జరిగినవి, ఏళ్ళ తరబడి మలబద్ధకంతో ముక్కడం, తగ్గని దగ్గు, ఒంటి బరువు, బరువులెత్తడం, నెలసరి ఆగాక వచ్చే మార్పులు... ఇవన్నీ ఆ నులకని వదులు చేసేవే.

మన బాలింత మర్యాదలు తలుచుకుంటే నాకు ఇప్పుడు నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. కాయం తినిపించారు, చెవుల్లో దూది పెట్టారు, నడుముకి గుడ్డ బిగించి కట్టారు, సాంబ్రాణి పొగ వేశారు. మంచినీళ్ళు కూడా లెక్కపెట్టి ఇచ్చారు. ఇంత చేసిన వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా "తుమ్మితే ఏమైనా ఇబ్బందిగా ఉందా" అని అడగలేదు. ఆసుపత్రిలో కూడా కుట్లు మానాయా, బిడ్డకి పాలు సరిపోతున్నాయా, తరవాత టీకా ఎప్పుడు, ఇవే. ఫ్రాన్సులో కాన్పయిన ఆడవాళ్ళకి ఈ కండరాలు బాగుచేసుకోవడానికి శిక్షణ రాసిస్తారు, ఖర్చు ప్రభుత్వ బీమా భరిస్తుంది. మనకి బారసాల మెనూ మీద ఉన్న శ్రద్ధలో పదోవంతు దీనిమీద ఉన్నా చాలు.

సరే, నాకు చెప్పిన వైద్యం ఇదీ. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు, మూత్రం ఆపుకున్నట్టు లోపలి కండరాలని పైకి లాగాలి. అయిదు లెక్కపెట్టేదాకా ఉంచి, అంతసేపూ పూర్తిగా వదలాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. అలా ఎనిమిది పదిసార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో దీని గురించి రాశారట, అందుకే ఆయన పేరు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ఆపి చేయడం మాత్రం వద్దన్నారు. ఇంకో చిట్కా, దగ్గో తుమ్మో వచ్చేముందే గబుక్కున ఆ కండరాలు బిగించడం. పోపులో ఎండుమిరపకాయ మాడి వరసగా అయిదు తుమ్ములొచ్చినా ఏమీ కాని రోజు నాలుగో నెలలో వచ్చింది. ఆ మాడిన చారు ఆవేళ నేను చాలా ఇష్టంగా తిన్నాను. స్కిప్పింగ్ మాత్రం ఇంకా ధైర్యం చేయలేదు.

నీళ్ళు తాగడం మానేసేవాళ్ళకి ఒక మాట. ప్రయాణమంటే పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టకపోవడం మనందరికీ అలవాటే. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, ముక్కడం మొదలవుతుంది, మళ్ళీ కథ మొదటికొస్తుంది. "ఎందుకైనా మంచిది" అని అవసరం లేకపోయినా అరగంటకోసారి వెళ్ళొచ్చినా మూత్రాశయానికి అదే అలవాటైపోతుందట.

అత్తగారిది నాలాంటిది కాదు. గర్భసంచి బాగా కిందకి జారింది. ఆవిడకి చాన్నాళ్ళుగా తెలుసు, స్నానం చేసేటప్పుడు చేతికి తగులుతోందట. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఆపరేషన్ అని భయపడుతుంటే, డాక్టరు ముందు ఒక రింగు పెట్టి చూద్దామన్నారు. మెత్తటి సిలికాన్ రింగు, కొలత చూసి లోపల అమరుస్తారు, కొన్ని నెలలకోసారి తీసి శుభ్రం చేసి మళ్ళీ పెడతారు. పది నిమిషాల పని. ముప్ఫైతొమ్మిదేళ్ళు!

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నేను చేసిన పొరపాటు.

నాకు గుణం కనపడగానే నేను పెద్ద డాక్టర్నైపోయాను. కనపడిన ఆడవాళ్ళందరికీ కెగెల్ పాఠాలే. మా పిన్ని కూతురికి 36 ఏళ్ళు. రెండేళ్ళుగా పొత్తికడుపులో నొప్పి. నెలసరప్పుడు ఎక్కువ, మిగతా రోజుల్లో కూడా ఉంటుంది. ఎక్కువసేపు కూర్చోలేదు, మూత్రానికి వెళ్తే మంట, మొగుడి దగ్గరకి వెళ్ళాలంటే భయం. స్కానింగులన్నీ నార్మల్. "నీకేమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని ఒకరు, "ఇద్దరు పిల్లలున్నారు కదా, గర్భసంచి తీసేస్తే గొడవుండదు" అని ఇంకొకరు. పిన్ని కూడా రెండోదానికే మొగ్గు. "ఇంకెందుకే ఆ సంచి, మా వీధిలో అందరూ తీయించుకున్నారు" అంటుంది. నేను దానికి వీడియో పంపి, రోజుకి మూడుసార్లు చెయ్యమని ఆర్డరేశాను. పాపం, నమ్మి చేసింది. మూడు వారాలకి నొప్పి ఎక్కువై, "అక్కా, లేవలేకపోతున్నాను" అని ఫోన్లో ఏడ్చింది.

మా ఫిజియో అమ్మాయి దగ్గరకి తీసుకెళ్తే, పరీక్ష చేసి నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నావి వదులైన కండరాలు. మా చెల్లివి ఎప్పుడూ బిగుసుకుపోయి ఉన్నవి. "రోజంతా పిడికిలి బిగించి ఉంచండి, సాయంత్రానికి చెయ్యి నొప్పి పెడుతుందా లేదా? ఆ చేతినే ఇంకా గట్టిగా బిగించమన్నారు మీరు" అంది. దానికి కావలసింది బిగించడం కాదు, వదలడం నేర్చుకోవడం. పొట్ట నిండా నెమ్మదిగా గాలి పీల్చి కింది కండరాలని వదిలేయడం, గొంతుకూర్చుని శరీరాన్ని సాగదీయడం, బిగుసుకున్న చోట్ల చేత్తో నొక్కి సడలించడం. పైకి రెండూ పొత్తికడుపు బాధలే, వైద్యం మాత్రం ఒకదానికొకటి తిరకాసు. కాబట్టి నాలాంటివాళ్ళు పంపే వీడియోలు చూసి మొదలుపెట్టకండి. ముందు చూపించుకోండి.

అన్ని నొప్పులూ కండరాలవే అనడం లేదు. ఆరు నెలలు దాటి ఉన్న పొత్తికడుపు నొప్పి వెనక ఎండోమెట్రియోసిస్ ఉండచ్చు, మూత్రాశయం జబ్బు ఉండచ్చు, పేగుల తేడా ఉండచ్చు, రెండు మూడు కలిసీ ఉండచ్చు. ఎండోమెట్రియోసిస్ చాలాసార్లు మామూలు స్కానింగులో కనపడదు. స్కాన్ నార్మల్ అంటే నొప్పి అబద్ధమని కాదు. మా చెల్లికి చివరికి అది కూడా కొంత ఉందని తేలింది. నెలసరిని అదుపులో పెట్టే మాత్రలిచ్చారు, ఫిజియోథెరపీ నడుస్తోంది. ఎనిమిది నెలలయింది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ మొన్న మూడు గంటల సినిమా కూర్చుని చూసింది. ఆపరేషన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు.

ఆ ఆపరేషన్ గురించి నా కోపం కాస్త కక్కనివ్వండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఆ సర్వేలో మనదే మొదటి స్థానం, రెండోదీ మనదే. మన ఆడవాళ్ళ గర్భసంచులకే ఏమైనా శాపముందా? తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా, పొత్తికడుపు నొప్పి అయినా ఒకటే మందు. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్లని ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది కూడా. అవసరమైనవాళ్ళకి ఆ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, కాదనను. కానీ నొప్పి కండరాలదైతే సంచి తీసినా నొప్పి అక్కడే ఉంటుంది. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫైల్లోనే ముసలితనం, ఎముకలు గుల్లబారడం. "తీసేద్దాం" అనగానే తల ఊపకుండా "ఎందుకు? వేరే దారి లేదా?" అని అడిగి, ఇంకో డాక్టరుకి కూడా చూపించుకోండి. మూత్రంలో రక్తం, నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం, జ్వరంతో నొప్పి, ఇలాంటివైతే మాత్రం ఆలోచనలూ బ్లాగులూ మానేసి ఆరోజే వెళ్ళండి.

ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టులు పెద్ద ఊళ్ళలో తప్ప దొరకడం కష్టమే. మా చెల్లి బస్సులో రెండున్నర గంటలు వస్తుంది. దాని మొగుడు మొదట్లో "వ్యాయామానికి అంత దూరమా" అని సణిగాడు. ఫిజియో అమ్మాయి అతన్ని కూడా పిలిచి కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పింది. రెండేళ్ళుగా అది తనంటే ఇష్టం లేక దూరంగా ఉంటోందని అనుకున్నాడట పిచ్చివాడు. అంత నొప్పి అని దానికి నోరు రాలేదు, అడగాలని ఇతనికి తోచలేదు. ఇప్పుడు తనే బస్సెక్కిస్తున్నాడు, ఆవేళ పిల్లలని కూడా చూసుకుంటున్నాడు.

మా ఆయనకి కూడా చెప్పాను, నాదీ, వాళ్ళమ్మదీ. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అందుకేనా అమ్మ మేమెంత బతిమాలినా తిరుపతి వద్దనేది" అన్నారు. క్యూలో గంటలు గంటలు నిలబడాలి కదా.

తిరుపతి ఇంకా వెళ్ళలేదు. మొన్న కార్తీకమాసంలో అన్నవరం వెళ్ళాం. వ్రతం అయ్యేదాకా అత్తగారు పీట మీంచి లేవలేదు. కొండ దిగి కారెక్కబోతూ నన్ను పిలిచి, "అమ్మాయ్, నీళ్ళ సీసా నా పక్కన పెట్టు, దారిలో దాహమేస్తుంది" అన్నారు. ఊరు దాటితే ఆవిడ నీళ్ళు తాగడం నేను అప్పటిదాకా చూడలేదు.