గ్రూప్ ప్రాజెక్టులో ప్రింటవుట్లు ఎవరి పని?

సేదరపేట్ పారిశ్రామికవాడకు దగ్గర్లోనే నా ఇంజనీరింగ్ చదువు సాగింది. యానాం దళితపేట నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ని. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు నలుగురం. మొదటి రోజే పనులు పంచేశారు. ఇద్దరికి కోడింగ్, ఒకరికి సర్క్యూట్. నాకు టైపింగ్, ప్రింటవుట్లు, బైండింగ్. ‘నీకు కష్టమవుతుంది, మేం చూసుకుంటాంలే’ అన్నారు. జాలితోనే అన్నారు. ఆ జాలే నన్ను ముంచింది. వైవాలో మొదటి ప్రశ్నకే నోరు పెగల్లేదు. ‘నీకు సీటెలా వచ్చింది?’ అన్నాడు ఎగ్జామినర్. ఆ ‘ఎలా’కి అర్థం మనకు కొత్త కాదు.

కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టడమని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తేల్చిచెప్పారు. మన ప్రాజెక్టు టీములు చేస్తున్నది అదే. తెలిసినవాడికి మరింత నేర్చుకునే పని, తెలియనివాడికి ఏమీ నేర్పని పని. నాలుగు నెలలయ్యాక ఆ తేడాకు ‘మెరిట్’ అని పేరు.

ఇది టీములతోనే మొదలవ్వలేదు. తోటి విద్యార్థులకు దొరికే అధ్యాపకుల సాయం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు దొరకడం లేదని ఢిల్లీ ఎయిమ్స్‌పై థోరాట్ కమిటీ 2007లోనే చెప్పింది.

‘పని చెయ్యకుండా మార్కులు కొట్టేసేవాళ్ల సంగతేంటి?’ అంటారు. అలాంటివాళ్లు అన్ని కులాల్లోనూ ఉన్నారు. పని ఎగ్గొట్టినవాడూ, అసలు పనే దక్కనివాడూ ఒకటేనా?

దారి లేక కాదు. నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బడిలో చేర్చాక తలెత్తిన ఘర్షణను తగ్గించడానికి 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ అరాన్సన్ ఒక పద్ధతి పెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. ప్రతివాడూ తన ముక్కను మిగతావాళ్లకు నేర్పాలి. ఎవర్ని పక్కన పెట్టినా అందరి పాఠమూ అసంపూర్ణమే.

మనం అడగాల్సింది కూడా ఇలాంటిదే. టీముల్ని స్నేహాలకు వదలకుండా అధ్యాపకులే వెయ్యాలి. కోడింగూ బైండింగూ అందరికీ వంతులవారీగా రావాలి. ఏ భాగం గురించి ఎవర్ని అడుగుతారో వైవా గదిలోనే చీటీ తీసి తేల్చాలి. అప్పుడు తెలిసినవాడు నేర్పక తప్పదు, తెలియనివాడు అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

మాకు జాలి వద్దు. కీబోర్డు మా చేతికివ్వండి. తప్పులు చేస్తాం, సరిదిద్దుకుంటాం. మీరు నేర్చుకున్నదీ అలాగే కదా!