ఫొటోలో పడని పని

మన కాలంలో అర్హతకు మించిన గౌరవం పొందుతున్న మాట ఒకటుంది: పారదర్శకత. ఏ యంత్రాన్ని తెచ్చి ఎవరి నెత్తిన పెట్టినా ఈ మాట ముందు నడిస్తే చాలు, ప్రశ్నించినవాడు దొంగలకు కొమ్ము కాసేవాడైపోతాడు. ఆ అపవాదుకు సిద్ధపడే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయింది. జనం దానిని సర్కారు పెట్టిన పేరుతో పిలవడం తక్కువ. కరువు పని అన్నారు, ఉపాధి పని అన్నారు. పార, గడ్డపార, తట్ట - ఇవే పనిముట్లు. చెరువులో పూడిక తీయడం, కందకాలు త్రవ్వడం, త్రవ్విన మట్టి కొలతను బట్టి కూలి తీసుకోవడం. ఎంత లోతు త్రవ్వారో తేలడానికి గుంట నడుమ ఒక మట్టి దిమ్మెను కదపకుండా వదిలిపెట్టడం మట్టిపనిలో పాత పద్ధతి. నోరు లేని సాక్షి అది. దానిని ఎవరూ అప్‌లోడ్ చెయ్యనక్కరలేదు.

మరి దొంగ మస్టర్లు లేవా? లేకేం! పోయినవారి పేర్లూ, ఊళ్ళో లేనివారి పేర్లూ మస్టర్లలో కూలి తీసుకున్నాయి. అయితే దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక మందు పదును తేలింది. చట్టంలోని 17వ సెక్షను చెప్పిన సామాజిక తనిఖీని ఇక్కడ నిజంగా అమలుచేసి చూశారు. 2009లో అందుకొక ప్రత్యేక సంస్థనే నెలకొల్పారు. మస్టరు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళడం, ఆపై ఊరి సభలో పేర్లూ రోజులూ సొమ్మూ పైకి చదవడం - ఇంతే దాని యంత్రాంగం. తన పేరిట ఆరు రోజుల పని చదివినప్పుడు "ఆ వారం నేను మా పుట్టింట్లో ఉంటినే!" అని ఒక ఆడమనిషి లేచి అనగలిగితే, ఆ ఒక్క మాటకు ఫీల్డ్ అసిస్టెంటు సమాధానం చెప్పుకోవలసి వచ్చేది. ఊరందరి ఎదుట, పేదరాలి నోటిమాట రుజువుగా నిలబడింది. దీనికి మించిన పారదర్శకత నాకు తెలియదు.

2021 మేలో కేంద్రం నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టం అనే యాప్‌ను తెచ్చింది. 2022 మే 16 నుంచి ఇరవైమంది, అంతకు పైబడిన పనిచోట్లకూ, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్నిటికీ తప్పనిసరి చేసింది. మేటు తన ఫోనుతో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, సమయంతో, స్థలం గుర్తుతో పంపాలి. మండువేసవిలో తెల్లవారుతూనే దిగి ఎండ ముదరకముందే పని ముగించుకోవడం మన పల్లెల్లో అందరూ ఎరిగిన ఇంగితం. పని ముగిసినా రెండో ఫొటో వేళ కాకపోతే? కూర్చోవాలి. ఫొటో ఎక్కకపోతే? హాజరు లేదు. అసాధారణ పరిస్థితుల్లో చేతితో హాజరు వేయించే అధికారం ఉన్నది జిల్లా స్థాయి అధికారికి. సిగ్నలు లేని కొండవార పనిచోటు నుంచి జిల్లా కేంద్రం ఎంత దూరమో ఆ నిబంధన వ్రాసినవారికి తెలియదనుకోను. (వారి కార్యాలయాల్లో రోజుకు రెండు గుంపు ఫొటోలు తీసి జీతాలు లెక్కగట్టే ఆలోచన మాత్రం ఇంతవరకు ఎవరికీ రాలేదు.)

కూలి పోవడం చిన్న కష్టమని అనను. దాని మీదనే 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నూరు రోజుల ధర్నాకు కూలీలు కూర్చున్నారు. నా అసలు తగాదా అంతకంటె లోతైనది. ఈ యాప్ పనిని చూడదు, మనిషి నిలబడి ఉండటాన్ని చూస్తుంది. త్రవ్విన గుంట అక్కడే ఉంది, దిమ్మె అక్కడే ఉంది, పక్కనే పనిచేసిన పదిమంది ఉన్నారు; అయినా సర్వరులో బొమ్మ లేదు గనుక పని జరగలేదట! సాక్ష్యం చెప్పగల మనుషులంతా ఉన్నపళంగా సాక్ష్యానికి పనికిరానివారయ్యారు. పైగా మనమూ అలాగే ఆలోచించడం నేర్చుకుంటున్నాం. చదువుకున్న మిత్రులతో ఈ సంగతి ఎత్తితే మొదట వచ్చే ప్రశ్న "మరి వాళ్ళు పనిచేసినట్టు రుజువేమిటి?" అన్నదే. మన జీతానికి ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు, వేస్తే ఎంత నొచ్చుకుంటామో!

పోనీ దొంగతనమైనా ఆగిందా? 2025 జూలైలో గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు వ్రాసుకుంది: సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని, ఫొటోకే మళ్ళీ ఫొటో తీసి పంపుతున్నారని, ఒకే మనుషులు పలు మస్టర్లలో కనబడుతున్నారని. అందుకు విధించిన చికిత్స చూడండి: ఆ ఫొటోలన్నిటినీ గ్రామ పంచాయతీ స్థాయిలో నూటికి నూరు పాళ్ళూ మనుషులు సరిచూడాలట. మనిషిని నమ్మక యంత్రాన్ని తెచ్చి, యంత్రాన్ని నమ్మక మళ్ళీ మనిషిని కాపలా పెట్టారు. దొంగకు ఫొటోకు ఫొటో తీసే తెలివి ఉంది. పార పట్టినామెకు ఆ తెలివీ లేదు, ఆ అవసరమూ లేదు. నష్టం మాత్రం ఆమెకే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తదాన్ని ఆమోదించింది. నూరు రోజులు నూట ఇరవైఐదు అయ్యాయి, సంతోషం. అందులోనూ బయోమెట్రిక్ గుర్తింపు ఉంది, మొబైల్ నిఘా ఉంది, కృత్రిమ మేధ ఉంది. ఉండనివ్వండి. నేను అడిగేది యాప్‌ను పగలగొట్టమని కాదు. ఫొటో లేదన్న ఒక్క కారణంతో ఎవరి కూలీ కొట్టివేయరాదని. పనిచోట కాగితపు మస్టరు మీద కూలీలు వేసిన సంతకాలకు, వేలిముద్రలకు చెల్లుబాటు ఉండాలని. అనుమానం వస్తే టేపు పట్టుకుని వెళ్ళి గుంటను కొలవమని.