స్త్రీల యొంటరి ప్రయాణములు

“తిరిగి ఆడది చెడును, తిరుగక మగవాడు చెడును” అను సామెత మన తెలుగునాట పుట్టి యెన్ని తరములైనదో చెప్పజాలము. సామెతలు అనుభవసారములని పెద్దలందురు. నిజమే. కాని కొన్ని సామెతలు అనుభవమునుండి గాక అధికారమునుండి పుట్టినవి. ఇది యట్టిది. తిరుగుట యను నొక్క పనియే మగవానికి విద్యయు, ఆడుదానికి భ్రష్టత్వమును ఎట్లగునో ఈ సామెత చెప్పదు. అడిగినవారు లేకుండిరి గనుక చెప్పవలసిన యవసరమును దానికి కలుగలేదు. నేడు అడుగువారు బయలుదేరినారు. వారు నోటితో నడుగుట లేదు, కాళ్లతో నడుగుచున్నారు.

తమ వాహనమును తామే నడపుకొనుచు, లేదా ఆర్టీసీ బస్సెక్కి, వెంట తండ్రిగాని భర్తగాని సోదరుడుగాని లేక, కేవలము లోకమును చూచుటకై దూరప్రయాణములు చేయు స్త్రీలు మన నగరమున కానవచ్చుచున్నారు. వారిని గూర్చి మెచ్చుకోలును వినవచ్చుచున్నది, గొణుగుడును వినవచ్చుచున్నది. ఈ విషయమున మా యభిప్రాయమును దాపరికము లేక చెప్పుట మంచిదని తలంచుచున్నాము.

ఈ చర్చకు దిల్‌సుఖ్‌నగరమును మించిన తావు లేదు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము జిల్లాల పల్లెలనుండి ఉద్యోగ పరీక్షల శిక్షణకై వచ్చిన బాలికలతో అచ్చటి హాస్టళ్లు నిండియుండును. వారు తెల్లవారుజామున ఎల్బీనగరు కూడలిలో బస్సు దిగుదురు. 2018 సెప్టెంబరు మొదలుగా అచ్చటి నుండి నడచుచున్న మెట్రో రైలెక్కుదురు, లేదా ఆటో మాట్లాడుకొందురు. పండుగకు ఒంటరిగనే ఊరికి పోవుదురు, ఒంటరిగనే మరలి వత్తురు. తలిదండ్రులు బస్సెక్కించి, “చేరినాక ఫోను చేయుము తల్లీ” యని మాత్రమందురు. దీనిని ఎవ్వరును ఆక్షేపింపరు. ఆక్షేపింపదగినదియు గాదు.

అదే బాలిక యొక యాదివారమునాడు, “నాగార్జునసాగరము చూచి సాయంకాలమునకు వత్తును, నేనొక్కతెనే పోవుదును” అన్నదనుకొనుడు. ఇల్లంతయు లేచి కూర్చుండును. “ఒక్కదానివా? ఏమి పని? ఎవరున్నారచట?” అని ప్రశ్నలు కురియును. బాట మారలేదు, బస్సు మారలేదు, బాలికయు మారలేదు. మారినది ప్రయాణ ప్రయోజన మొక్కటియే. ఇంటి మేలునకై ఆమెను అర్ధరాత్రియైనను ఒంటరిగ పంపుటకు జంకని మనము, ఆమె తన సంతోషమునకై పట్టపగలు పోవుదునన్నను బెదరుచున్నాము. కావున మన యాక్షేపణకు మూలము అపాయమే యని చెప్పుకొనుట యాత్మవంచన. మనకు రుచింపనిది ఆమె యానందము.

ఇది యొక్క మన నగరపు మాట గాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, అంగడికిని, వైద్యశాలకును, ఊరి వెలుపలికిని ఈ మూడింటికిని ఒంటరిగ పోవుటకు అనుమతి గల స్త్రీలు దేశమున నూటికి 42 మందియే యని తేలినది. అనుమతి యను మాటను పాఠకులు గమనింతురుగాక. భారతదేశమంతట స్వేచ్ఛగా సంచరించు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము పౌరులకెల్ల నొసగినది. పౌరురాలికి వేరు అధికరణము లేదు. రాజ్యాంగ మిచ్చినదానిని ఇంటి గుమ్మమునొద్ద మరల నడుగవలసివచ్చుట మన స్వాతంత్ర్యమున మిగిలియున్న లోటు.

ఎల్బీనగరు నుండి తూర్పుగా సాగెడి రహదారికే ఈ విషయమున గొప్ప చరిత్ర గలదు. నేడు పూనానుండి మచిలీపట్టణము వరకు 65వ జాతీయ రహదారి యనబడు దారిలో ఈ భాగము, కుతుబ్‌షాహీల కాలమున గోలకొండను మచిలీపట్టణపు రేవుతో కలిపిన వర్తకుల బాట. ఎల్బీనగరు దాటిన కొలది దూరముననే హయత్‌నగర మున్నది. మహమ్మదు కులీ కుతుబ్‌షా కుమార్తెయు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియునైన హయాత్ బక్షీ బేగము పేర వెలసిన యూరది. అచ్చటి మసీదు చుట్టును బాటసారులు విడియుటకై గదులు వరుసగా కట్టబడినవి. చేరువనే హాథీ బావి యను పెద్ద దిగుడుబావి గలదు. ఒక స్త్రీ పేరు మోయుచున్న యూరు, మూడు శతాబ్దములకు పూర్వమే బాటసారికి నీడయు నీరును ఇచ్చినది. నేడు అదే బాటపై స్త్రీ బాటసారిగా బయలుదేరిన మనము వింతపడుచున్నాము!

ఈ బాట యింకను తూర్పునకు సాగి నందిగామ ప్రాంతము చేరును. అచ్చటి పెనుగంచిప్రోలున 1874లో భండారు అచ్చమాంబ జన్మించినది. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఈ బాటపైని మునగాల సంస్థానమునకు దివానుగా నుండెను. అచ్చమాంబ మధ్యపరగణాలలో కాపురముండి, తనంత తాను చదువుకొని, 1901లో “అబలా సచ్చరిత్ర రత్నమాల” వెలువరించెను. ఆంధ్రదేశమున సంచరించి స్త్రీసమాజములను నెలకొల్పించెను. 1905లో చిన్న ప్రాయముననే గతించెను. ఆ స్వల్పాయువున ఆమె ఇంత చేయగలుగుటకు ఆ సంచారమును ఒక కారణము. అటుతరువాత ద్రాక్షారామపు దువ్వూరి సుబ్బమ్మ స్వరాజ్యోద్యమమున ఊరూర తిరిగి ప్రసంగించి, 1922లో కారాగారమునకు పోయెను. ఆమె బాలవితంతువు. ఎదురైన ప్రయాణము చెడునని లోకము భావించిన స్త్రీయే, దేశమునకై తాను ప్రయాణము కట్టినది. తిరిగి వీరు చెడలేదు. వీరు తిరుగుటచే మనము బాగుపడితిమి.

అయినను వీరందరును ఒక ధర్మకార్యమునకై తిరిగినవారు. లోకోపకారమునకైన సరే, స్వసంతోషమునకైన కూడదని కొందరు మెల్లగా ఒప్పుకొని ఆగుదురు. మేమచట ఆగుటకు సమ్మతింపము. పురుషుడు విహారమునకై పోయిన లోకోపకారమేమని మన మడుగుట లేదు. స్త్రీని మాత్రమేల అడుగవలెను?

ఒంటరి ప్రయాణమువలన స్త్రీకి తనకై కలుగు లాభమేమి? మొదటిది, తన యిచ్ఛను తా నెరుగుట. మన యిండ్లలో గృహిణి అందరి యాకలి నెరుగును. కడపట మిగిలినది తిని, తన యాకలిని మరచును. బాటపై ఆమె నడుగువారు లేరు, ఆమె యడుగవలసినవారును లేరు. చౌటుప్పలున ఆగవలెనా, నకిరేకలు వరకు పోవలెనా? ఇడ్లీ తినవలెనా, చాయతో సరిపెట్టుకొనవలెనా? ఇవి చిన్న ప్రశ్నలే. కాని నలుబదియేండ్లలో ఒక్కనాడైనను ఇట్టి ప్రశ్నకు తనంత తాను ఉత్తరము చెప్పుకొనని స్త్రీలు మన యిండ్లలో ఎందరో గలరు. చిన్న నిర్ణయము చేయుటకు అలవాటు లేనివారు పెద్ద నిర్ణయము ఎట్లు చేయగలరు?

రెండవది, భయమును పరీక్షించుట. స్త్రీకి రెండు విధములగు భయములు గలవు. ఒకటి నిజమైనది, చీకటిలో వెంబడించు వాహనమువంటిది. రెండవది నేర్పబడినది, టైరులో గాలి పోయిన నేమగునో, దారి తప్పిన నేమగునో యనునట్టిది. ఇంట కూర్చున్నంతకాలము ఈ రెండును కలిసి యొక్కటే పెనుభూతమై తోచును. ఒకసారి తానే జాకీ పెట్టి చక్రము మార్చిన స్త్రీకి, మెకానికుతో బేరమాడి నిలిచిన స్త్రీకి, రెండవ భయము సగము తీరును. అది తీరినపుడు మొదటిదానిని కనిపెట్టు చూపు చురుకగును. ధైర్యమనగా భయము లేకుండుట కాదు. ఏది భయపడదగినదో తెలియుట.

మూడవది, దేశమును కన్నులార చూచుట. కుటుంబముతో పోయిన స్త్రీ, ప్రయాణమున సైతము వంటశాలను వెంట మోసికొనియే పోవును. పిల్లవాని నీళ్లసీసా, అత్తగారి మందులు, అందరి చెప్పులు చూచుకొనుటలో గుడి వెనుకబడును. ఒంటరిగ పోయినదానికి తీరిక గలదు. 1951 ఏప్రిల్ 18న, కాలినడకను వచ్చిన వినోబాకు భూదానము తొలిసారి లభించిన పోచంపల్లి ఈ బాటకు దగ్గరనే యున్నది. మగ్గము ముందు కూర్చున్న నేతకారిణితో ఒక గంట మాటలాడిన, తాను కట్టు చీరెలో ఎందరి చేతులున్నవో తెలియును. నార్కట్‌పల్లివద్ద నల్లగొండవైపు మరలిన పానగల్లున ఛాయాసోమేశ్వరాలయము గలదు. లింగముపై దినమెల్ల కదలక నిలుచు నీడను చూచి, దాని మర్మమును గ్రహించుటకు సావకాశము కావలెను. “పోదము రా” యని తొందరించువా రుండరాదు. సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి బౌద్ధ శిథిలములును, పిల్లలమర్రి కాకతీయ దేవాలయములును గలవు. పుస్తకమున చదివినది పరీక్షకు పనికివచ్చును. తానుగా పోయి చూచినది తనదగును.

ఈ లాభములు సంపన్నులకే యని యనరాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణమునను, 2025 ఆగష్టు 15న ఆంధ్రప్రదేశమునను ప్రభుత్వములు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణమును ప్రారంభించినవి. “ఉచితము గదా యని ఊరక తిరుగుచున్నారు” అని నవ్వినవారున్నారు. ఊరక తిరుగుటయే నేరమా? కూలిచేయు స్త్రీ యొకతె జీవితమున మొదటిసారి పనిలేక ఒక యూరు చూచివచ్చినచో, ఆ పథకము సార్థకమైనదనియే మా నమ్మకము.

ఇక దూరము పోగలవారి మాట. హైదరాబాదుకు చెందిన జయభారతి యను భవనశిల్పి, 2018లో మరి ముగ్గురు స్త్రీలతో మోటారు సైకిళ్లపై బయలుదేరి, బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియాల మీదుగా వియత్నాము వరకు పోయి, సుమారు 17 వేల కిలోమీటర్లు తిరిగి వచ్చెను. 2021లో స్త్రీలను వాహనములు నడపుటకు ప్రోత్సహించుటకై ఒంటరిగా దేశమున సుమారు 11 వేల కిలోమీటర్లు సంచరించెను. అందరును వియత్నాము పోవలెనని మేము చెప్పుట లేదు. మన వీథులలో పెరిగిన స్త్రీయే పోగలిగినదని చెప్పుచున్నాము.

ఆపదను గూర్చి ఇప్పుడు చెప్పవలెను. దానిని తేలిక చేయువారు స్త్రీలకు మిత్రులు గారు. 2019 నవంబరులో శంషాబాదు సమీపమున, వాహనపు టైరు గాలిపోయి నిలిచిన యొక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరమును ఈ నగరము మరువలేదు, మరువరాదు. కాని ఆమె విహారమునకై పోలేదు. పనిమీద తిరుగు స్త్రీ. దుర్మార్గుడు ప్రయోజనము నడిగి విడిచిపెట్టడు. మరియు ఇల్లే రక్షణ యనువారికి ఒక మాట. పైన చెప్పిన సర్వేయే తెలంగాణమున వివాహితలలో నూటికి సుమారు 37 మంది భర్తలచేత హింస ననుభవించినవారని తెలిపినది. బాటపై అపాయమున్నదని బాటను మూసిన, ఇంటను గూర్చి ఏమి చేయుదుము? అపాయమును తొలగించుట న్యాయము. బాధితురాలిని తొలగించుట న్యాయము గాదు.

కావున చేయవలసిన పనులు కొన్ని గలవు. రహదారిపై పెట్రోలు బంకులందును భోజనశాలలందును స్త్రీలకు పరిశుభ్రమగు మరుగుదొడ్లు, లోపలి గడియతోను వెలుతురుతోను ఉండవలెను. దాహమైనను నీరు త్రాగక ప్రయాణించు స్త్రీల బాధ, ఆ బాట నిర్మించిన ఇంజనీర్లకు తెలిసినట్లు లేదు. టోలు రుసుము పుచ్చుకొను ప్రతి చోటను రాత్రివేళ దీపములును, కాపలాయు ఉండవలెను. 112కు పిలిచిన వెంటనే పోలీసులు వచ్చుటయే గాక, “ఈ వేళ ఒంటరిగ ఏల వచ్చితివి?” యని యడుగకుండుటయు వారి విధియే. ఒంటరి స్త్రీకి గది లేదను వసతిగృహములను అధికారులు శిక్షింపవలెను. హయాత్ బక్షీ బేగము నాటి సరాయికి తీసిపోయిన యాతిథ్యము ఈ కాలమునకు సిగ్గు.

తలిదండ్రులకును ఒక మనవి. బిడ్డ పెండ్లికై కాసు కాసు కూర్చు మీరు, అందులో స్వల్పభాగము వెచ్చించి ఆమెకు వాహనము నడపుట నేర్పుడు, లైసెన్సు ఇప్పింపుడు. ఆ నగను ఎవ్వరును కుదువబెట్టలేరు. భర్తలకు మా మాట యింతకంటె చిన్నది: రెండు దినములు వంట చేసికొనుడు. ఆమె లేకున్నను ఇల్లు నడచునని మీరును, నడచినదని ఆమెయు తెలిసికొనుట ఉభయులకును మేలు.

సోదరీమణులారా, మొదటి ప్రయాణము దూరమైనదే కానక్కరలేదు. ఒక యాదివారము ఉదయమున ఎల్బీనగరులో బస్సెక్కి పోచంపల్లి పోయి, పొద్దుగ్రుంకకమునుపు రండు. పోవుచోటు నమ్మినవారొకరికి చెప్పుడు, ఫోనును నింపుకొనుడు, చేతిలో కొంత నగదు ఉంచుకొనుడు. ఎందుకు పోవుచున్నావని ఎవరైన అడిగిన, “చూచుటకు” అని చెప్పుడు. ఆ యొక్క మాటకు మించిన సంజాయిషీ స్వతంత్ర దేశమున ఏ పౌరురాలును ఎవ్వరికిని ఇయ్యనక్కరలేదు.